పేరు సరే, వూరేది?



ఆమధ్య ఒక రైతు మాకొక అగ్గిపెట్టె పంపించాడు. దారం చుట్టి, పైన గుడ్డ కుట్టి, ఎంతో జాగ్రత్తగా పంపించాడు. విప్పి చూస్తే లోపల ఒక పురుగు. ఎండిపోయింది గాని కాళ్ళూ మీసాలూ చెక్కు చెదరలేదు. పక్కన మడిచి పెట్టిన చీటీ: "అయ్యా, ఈ పురుగు మా చేలో కొత్తగా కనబడుతున్నది. దీని పేరేమిటి, మందేమిటి?" అని. కింద సంతకం వుంది. వూరు లేదు, జిల్లా లేదు, ఏ పైరు మీద పట్టాడో లేదు, ఏ నెలలో పట్టాడో అసలే లేదు. పోస్టాఫీసు ముద్ర చూద్దామంటే సిరా అలుక్కుపోయి వున్నది. పురుగుల శాస్త్రం చదివిన ఒక పెద్దమనిషికి చూపించాము. ఆయన భూతద్దం కింద తిప్పి తిప్పి చూశాడు. చూసి, పేరు చెబుతాడేమోనని మేము ఎదురుచూస్తుంటే, ఆయన అడిగిన మొదటి మాట: "ఏ వూరిది?"

మా దగ్గర జవాబు లేదు. ఆ రైతుకు మేము జవాబు రాయడానికి కూడా లేదు, ఎక్కడికని రాస్తాము? ఆ పురుగు ఇప్పటికీ ఆ అగ్గిపెట్టెలోనే వున్నది.

పేరు అడిగితే వూరు అడుగుతాడేమిటి అని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కాని కాస్త ఆలోచించండి. మీ ఇంట్లో భూమి పట్టా వుంటుంది. అందులో మీ పేరూ, మీ తండ్రిగారి పేరూ, విస్తీర్ణమూ అన్నీ వుండి, వూరి పేరూ సర్వే నెంబరూ లేకపోతే ఆ కాగితం ఎందుకు పనికివస్తుంది? పొయ్యి రాజెయ్యడానికి తప్ప! కొత్త మొక్కనో, పిట్టనో, పామునో కనిపెట్టిన వాళ్ళకూ అంతే. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు 1753లో మొక్కలకూ, 1758లో జంతువులకూ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతి స్థిరపరిచాడు. ఇంటిపేరూ, వంటి పేరూ అన్నట్టు. అప్పటినుంచీ ప్రపంచంలో ఎవరు కొత్త ప్రాణిని కనిపెట్టినా ఒక నమూనాను దాచి, దానికి పేరు పెట్టి, దానికి ఒక చీటీ కట్టడం ఆనవాయితీగా వస్తున్నది. ఆ చీటీ మీద ఎవరు పట్టారు, ఎప్పుడు పట్టారు, ఎక్కడ పట్టారు అని వుండాలి. తర్వాత నూరేళ్ళకు ఎవడైనా వచ్చి "ఆ ప్రాణి ఇంకా వుందా?" అని అడిగితే, వెతకడానికి దారి చూపేది ఆ చీటీ ఒక్కటే.

ఈ పని మన తెలుగు దేశంలో చాలాకాలం కిందటే మొదలయింది. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, మొక్కలు సేకరిస్తూ తీరమంతా తిరిగి, చివరకు 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఆయన తర్వాత కుంపినీవారి కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడి పని పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరుకు వచ్చింది. ఈయన వుండేది విశాఖపట్నంలో. ఏటా పాములు కరిచి మనుషులు చచ్చిపోతున్నారు, విషమున్నది ఏదో, లేనిది ఏదో తేల్చుకోవటం ఎట్లాగు అని ఆయన ఈ పనికి పూనుకున్నాడు. చుట్టుపక్కల గ్రామస్తులు పాములు పట్టి తెచ్చేవారు. ఈయన వాటి పొలుసులు లెక్కబెట్టి, బొమ్మలు గీయించి, కోళ్ళ మీదా కుక్కల మీదా విషం పరీక్షించి, 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు.

ఆ పుస్తకంలో మనం గమనించవలసింది ఒకటున్నది. పట్టి తెచ్చినవాళ్ళు ఏ పేరు చెప్పారో ఆ తెలుగు పేరునే ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పాముకు ఆయన పుస్తకంలో "కాటుక రేకుల పొడ" అని వున్నది. పాము వీపు మీద నల్లగా అంచు తీరిన మచ్చలు చూసినవాళ్ళకు ఆ పేరు ఎంత సరిగ్గా పెట్టారో తెలుస్తుంది. ఒంటినిండా పసుపు పచ్చని పట్టెలుండే కట్లపాము ఒకటుంది. దానిని "బంగారు పాము" అన్నారు మనవాళ్ళు. ఆయన అట్లాగే రాశాడు. ఆ మాటను పట్టుకుని తర్వాత 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాడిన్ కట్లపాముల జాతి మొత్తానికీ "బుంగారస్" అని పేరు పెట్టాడు. ఈవేళ ఏ దేశపు ఆస్పత్రిలో కట్లపాము కాటుకు వైద్యం చేసినా, డాక్టరు పుస్తకంలో చూసే పేరు మన బంగారమే! రక్తపింజరకు మాత్రం రస్సెల్‌గారి పేరే నిలిచిపోయింది. కాటుక రేకులు పోయాయి. నాకు ఇది కొంచెం కష్టంగానే వుంటుంది, గాని ఆయన మీద కోపం లేదు. పేరు రాసిపెట్టినవాడు ఆయనే గదా.

రస్సెల్ తర్వాత రాక్స్‌బరో వచ్చాడు. ఈయన 1781 నుంచీ సామర్లకోటలో కుంపినీ తోట చూసేవాడు. 1787లో కోరంగి తుపానుకు సముద్రం పొంగి వచ్చినప్పుడు ఆయన పోగుచేసుకున్న మొక్కలూ, పుస్తకాలూ, కాగితాలూ అన్నీ కొట్టుకుపోయాయి. మరొకరైతే తల పట్టుకుని కూర్చునేవారు. ఈయన మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. మన దేశపు చిత్రకారుల చేతనే బొమ్మలు వేయించి, ఒక్కొక్క మొక్కకూ అది కొండల్లో పెరుగుతుందా, గట్ల మీద పెరుగుతుందా, పూత ఎప్పుడు, కలప దేనికి పనికివస్తుంది, తెలుగులో ఏమంటారు అని రాసుకుంటూ పోయాడు. కోరమాండల్ తీరపు మొక్కలు అనే ఆయన గ్రంథం 1795లో మొదలై, ఆయన పోయిన తర్వాత గాని పూర్తికాలేదు. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మన అడవుల్లో వుండే సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని విని పరీక్షించి దాన్ని అందులోకి ఎక్కించాడు. దాని శాస్త్రనామం ఇప్పుడు కూడా "సోయ్‌మిడా" అనే. పలుకు కాస్త వంకర పోయింది, అంతే.

పేర్ల సంగతి అట్లా వుంచి, వూరు తప్పయితే ఏమవుతుందో చూడండి. అనంతపురం జిల్లా గుత్తి మీరు ఎరుగుదురు, పెద్ద రైలు జంక్షను. అక్కడ రైల్వేవారి కలప దొడ్లో ఒక పెద్ద సాలీడు దొరికింది. మామూలు సాలీడు కాదు, నెమలి కంఠంలాగా నీలంగా మెరిసిపోతుంది. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టి, దొరికిన చోటు గుత్తి అని రాశాడు. అబద్ధం కాదు, దొరికింది అక్కడే. కాని తర్వాత నూరేళ్ళపాటు మళ్ళీ అది ఎవరి కంటా పడలేదు. చివరికి 2001లో ఎక్కడ కనబడిందీ? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య, నల్లమల అడవిలో, ముసలి చెట్ల తొర్రల్లో! గుత్తికి ఇంచుమించు 60 మైళ్ళు. అడవిలో కొట్టిన దుంగలతో పాటు అది రైలెక్కి గుత్తిలో దిగి వుంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. సంతలో దొరికిన ఎద్దును ఆ సంత వూరి ఎద్దే అనుకున్నట్టుంది గదా ఇది. "కలప దొడ్లో, దుంగల మధ్య దొరికింది, దుంగలు ఫలానా అడవివి" అని ఇంకొక్క ముక్క ఆనాడు అడిగి రాసివుంటే నూరేళ్ళ వెతుకులాట తగ్గేది.

ఇక కలివికోడి. దీని కథ కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

జెర్డన్ అనే ఆయన మద్రాసు సైన్యంలో డాక్టరు. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జనుగా వుండేవాడు. రోగులను చూసిన తర్వాత మిగిలిన కాలమంతా పిట్టలూ, పాములూ, చీమలూ. ఈయనకు అడవి విద్య నేర్పినవాళ్ళు యానాదులు. ఏ పొదలో ఏముంటుందో, ఏ జాడ దేనిదో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అట్లా నెల్లూరుకు పడమటి కొండల్లోనూ, కడప వైపునా ఆయనకొక కొత్త పిట్ట దొరికింది. పొడుగు కాళ్ళు, పెద్ద కళ్ళు, కంటి మీద తెల్లటి వెడల్పు చార, గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టెలు. పొడుగు జానెడుకు కాస్త ఎక్కువ, అంతే. 1848లో దానిని శాస్త్రలోకానికి ఎక్కించారు. శాస్త్రనామంలో రెండో మాటకు రెండు కంఠాభరణాలు గలది అని అర్థం. మనవాళ్ళు ఏమంటారు అని అడిగితే "అడవి ఉత్తతిత్తి" అన్నారని జెర్డన్ రాసుకున్నాడు. తిత్తి అంటే తోలుసంచి, ఉత్తతిత్తి అంటే ఖాళీ సంచి! ఆ పేరు ఎందుకు వచ్చిందో నేను చెప్పలేను గాని, ఆ పిట్ట తర్వాతి కథ చూస్తే పెట్టినవాడి నోరు మంచిది కాదేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1860ల్లో గోదావరి వైపు సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో దీనిని చూశాడు. 1900లో అనంతపురం దగ్గర కాంబెల్ అనే ఆయన చూశాడు. అంతే. ఆ తర్వాత కలివికోడి లేదు. 1930 ప్రాంతాల తూర్పు కనుమల్లో పిట్టల సర్వే జరిగింది, కనబడలేదు. పిట్టల పెద్దాయన సలీం అలీ నిజాం రాజ్యంలో సర్వే చేశాడు, కనబడలేదు. 1970ల్లో మళ్ళీ ప్రత్యేకంగా దానికోసమే వెతికారు, కనబడలేదు. పుస్తకాల్లో "అంతరించి వుండవచ్చు" అని రాయడం మొదలుపెట్టారు.

చదువుకున్నవాళ్ళు ఇంతమంది వెతికితే కనబడనిది ఏమిటీ అని మీరు అడుగుతారు. అసలు సంగతి చెబుతాను వినండి. దీని దాయాదులైన పిట్టలు పగటిపూట దుక్కి చేలల్లో పరుగులు పెడుతూ అందరికీ కనిపిస్తూనే వుంటాయి. ఇదీ అంతే అనుకుని అందరూ పగలు వెతికారు. ఇది పగలంతా పొదల నీడన కదలకుండా పడివుండి, రాత్రి మేతకు తిరిగే పిట్ట! రాత్రి పూట చౌకీదారును పగలు వెతికితే ఎట్లా దొరుకుతాడు? చీటీ మీద చోటు రాసినవాళ్ళు వేళ రాయలేదన్నమాట. అనంతపురం అన్నారు, పొదల అడవి అన్నారు, రాత్రా పగలా అన్నది చీటీకి ఎక్కలేదు.

1985లో బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘం వారు మళ్ళీ పూనుకున్నారు. ఈసారి భరత్ భూషణ్ అనే యువకుడు కడప జిల్లాకు వచ్చాడు. ఆయన చేసిన మంచి పనేమిటంటే, దుర్భిణీ పెట్టుకుని ఒంటరిగా తిరగటం కాకుండా, పిట్ట బొమ్మ పట్టుకుని పల్లెల్లో అడిగాడు. అడవికి పోయేవాళ్ళను, వేటగాళ్ళను అడిగాడు. కొందరు చూసి "ఇదా? ఇది కలివికోడి గదా" అన్నారు. కలివిపొదల్లో వుండేది కలివికోడి. శాస్త్రలోకంలో 86 ఏళ్ళ క్రితమే మాయమైన పిట్టకు లంకమల కింద పల్లెల్లో పేరు వున్నది, ఆ పేరుకు అర్థం వున్నది, ఆ అర్థంలోనే విలాసమూ వున్నది! ఎవరూ వాళ్ళను అడగలేదు, అంతే.

1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక గ్రామస్తుడు రాత్రి దీపం వెలుతురులో ఆ పిట్టను ప్రాణంతో పట్టాడు. దేశమంతా పత్రికల్లో వచ్చింది. విదేశాల్లోనూ వచ్చింది. ఆ పట్టిన పిట్ట మాత్రం కొద్దిరోజులకే చచ్చిపోయింది. ఇప్పుడు దాని నమూనా బొంబాయిలో వున్నది, చీటీతో సహా. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే సంవత్సరం కేంద్ర తపాలా శాఖవారు కలివికోడి బొమ్మతో స్టాంపు వేశారు. ఖాళీ సంచి అనిపించుకున్న పిట్ట వుత్తరాల మీద ఎక్కి వూరూరా తిరిగింది.

ఆ తర్వాత 2000 ప్రాంతంలో వచ్చిన శాస్త్రజ్ఞులు మంచి వుపాయాలు పన్నారు. పొదల మధ్య అక్కడక్కడా మెత్తటి మన్ను పరిచి, జల్లెడపట్టినట్టు చదును చేసి వదిలేవారు. రాత్రి ఏది నడిచిపోయినా తెల్లవారేసరికి అడుగులు పడివుంటాయి. కలివికోడి అడుగు మూడువేళ్ళది, వెనకవేలు లేదు. కళ్ళంలో దొంగ అడుగులు చూడటానికి మన పెద్దలు బూడిద చల్లేవారు చూడండి, అదే పద్ధతి. దానితోపాటు రాత్రిపూట తమంత తామే బొమ్మ తీసే కెమెరాలు పెట్టారు. కూతను రికార్డు చేసి, ఆ కూతను వినిపించి, తిరిగి పలుకుతుందా అని విన్నారు. పొద్దుగూకిన తర్వాత కాసేపు మాత్రమే ఇది కూస్తుందని అప్పుడు తెలిసింది. మరీ చిక్కటి అడవిలోనూ వుండదు, మరీ బోడి నేలలోనూ వుండదు, పొదకూ పొదకూ మధ్య పరుగెత్తే జాగా కావాలి అని కూడా తెలిసింది. పశువులు మితంగా మేస్తే ఆ జాగా అట్లా నిలుస్తుంది. పొదలు నరికి తోటలు వేసినా, యంత్రాలు పెట్టి చదునుచేసినా పోతుంది.

ఇక్కడ మీకూ నాకూ ఇబ్బందైన సంగతి వస్తుంది. దాటేసి పోవటం న్యాయం కాదు కాబట్టి చెబుతాను. తెలుగుగంగ కాలువ ఈ ప్రాంతం మీదుగానే రావాలి. రాయలసీమ రైతుకు నీళ్ళంటే ఏమిటో చెప్పవలసిన పని లేదు. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు నొప్పెట్టిన పల్లెలవి. 2005లో కాలువ తవ్వే యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి వచ్చాయి. శాస్త్రజ్ఞులు అడ్డం పడ్డారు, సంగతి సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది. "గుప్పెడు పిట్ట కోసం వేల ఎకరాల నీళ్ళు ఆపుతారా?" అని అడిగినవాళ్ళు వున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేను ఆ పల్లెలో పుట్టివుంటే నేనూ అడిగివుందును.

కాని చివరికి జరిగింది చూడండి. కాలువ ఆగలేదు, దారి మారింది. ఎట్లా మారింది? ఎక్కడెక్కడ అడుగులు పడ్డాయి, ఎక్కడ కూత వినబడింది అని చోటు చోటుకూ లెక్క రాసిపెట్టి వున్నది కాబట్టి. పటం మీద వేలు పెట్టి "ఇక్కడ వున్నది, అక్కడ లేదు, అటు తిప్పండి" అని చెప్పగలిగారు కాబట్టి. ఆ లెక్క లేకపోతే రెండే దారులు: మొత్తం అడవికి అడ్డం పడి రైతు నోట మట్టి కొట్టడం, లేదా మొత్తం వదిలేసి పిట్టను చంపుకోవడం. కొత్త ప్రాణిని కనిపెట్టినవాడికి పేరొస్తుంది గాని, దాని చోటు పదే పదే రాసినవాడి వల్లే ఇట్లాంటి తగాదాలు తెగుతాయని నేననుకుంటాను. ఇది నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

ఈ పిట్టను గురించి ఇంకొక్క చిత్రం. 2013లో స్కాట్లండులో అబర్డీన్ విశ్వవిద్యాలయం వారి ప్రదర్శనశాలలో ఒక గుడ్డు బయటపడింది. అప్పటిదాకా కలివికోడి గుడ్డు ఎట్లా వుంటుందో శాస్త్రజ్ఞులెవరికీ తెలియదు. ఆ గుడ్డు నిజంగా దానిదేనా అని పరీక్షచేశారు. దాచిపెట్టిన పాత పిట్ట కాలి చర్మంతో గుడ్డు పెంకు లోపలి పొరను పోల్చి చూసి, అవునని తేల్చారు. దానిని సేకరించినవాడు మీటన్ అని ఒక పశువుల డాక్టరు. సేకరించిన సంవత్సరం 1917. సేకరించిన చోటు కోలారు బంగారు గనుల ప్రాంతం. అంటే 1900తో ఆఖరు అనుకున్న పిట్ట 1917లో మన చిత్తూరు జిల్లా పొలిమేరల్లో గుడ్డు పెట్టింది! ఆ గుడ్డు చేతులు మారి మారి, ఒక బడికి చేరి, బడి నుంచి విశ్వవిద్యాలయానికి చేరి, తొంభై ఏళ్ళు పైన ఎవరికీ పట్టకుండా పడివున్నది. సేకరించినవాడి వివరం దానితోపాటు నిలిచింది కాబట్టి సరిపోయింది. లేకపోతే అది వుత్త గుడ్డు.

పిట్టలూ సాలీళ్ళూ మాకెందుకయ్యా, మా పైరు సంగతి చెప్పు అంటారా? అక్కడికే వస్తున్నాను. 2018 మే నెలలో కర్ణాటకలో శివమొగ్గ దగ్గర మొక్కజొన్న చేలలో ఒక పురుగు కనబడింది. మామూలు లద్దెపురుగే అనుకుని మందు కొట్టి వూరుకుంటే వూరుకోవచ్చు. కాని అక్కడి వ్యవసాయ కళాశాలవారు అనుమానించి, పురుగులు పట్టి, తారీఖు వేసి, చోటు రాసి, పరీక్షకు పంపించారు. తలమీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం గుర్తు, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు. అమెరికా ఖండపు పురుగు, 2016లో ఆఫ్రికాకు పాకి, అక్కడినుంచి మన దేశానికి వచ్చింది. అదే మీరు ఇప్పుడు కత్తెరపురుగు అంటున్నది. ఏడాది తిరక్కుండానే మన తెలుగు జిల్లాల మొక్కజొన్నకూ వచ్చింది. మొదట ఎక్కడ కనబడిందో, తర్వాత ఎటు పాకిందో తెలిసింది కాబట్టే మిగిలిన జిల్లాలవారికి ముందు కబురందింది. అందినా చాలామంది నష్టపోయారు, అది వేరే సంగతి. వయ్యారిభామ కూడా అంతే. 1956లో పూనా వైపు కనబడిందని ఒక శాస్త్రజ్ఞుడు నాలుగు మాటలు రాసి ప్రకటించాడు. అప్పుడు అది ఒక కొత్త కలుపు, అంతే. ఆనాడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మీ గట్టు మీద లేకపోతే చెప్పండి.

కాబట్టి మీ చేలో, మీ గట్టున, మీ అడివంచున కొత్తది ఏదైనా కనబడితే ఏం చేయాలి? ముందు దానిని చూడండి, తొందరపడి చంపవద్దు. తర్వాత ఒక కాగితం తీసుకుని వూరు, మండలం, జిల్లా రాయండి. మీ వూళ్ళో ఆ పొలానికి వున్న పేరు కూడా రాయండి: చెరువుకింద చేను, దిబ్బచేను, ఏదైతే అది. తారీఖు, పొద్దున్నా సాయంత్రమా రాత్రా అన్నది తప్పకుండా రాయండి. కలివికోడిని 86 ఏళ్ళు దాచింది ఆ ఒక్క ముక్కే గదా. ఏ పైరు మీద వుంది, ఆకు తింటున్నదా కాండంలో వుందా, ఎన్ని మొక్కలకు ఒకటి కనబడింది. మీ వూళ్ళో పెద్దలు దానికి ఏమైనా పేరు చెబుతారేమో అడిగి, వాళ్ళు పలికినట్టే రాయండి, దిద్దవద్దు. "అబ్బే, అది మోటు పేరు" అని మీ పట్నం చదువుల పిల్లవాడు అన్నా సరే రాయండి. ఇప్పుడు చేతిలో ఫోనుండని ఇల్లు తక్కువ. బొమ్మ తీస్తే మంచిదే, దానిలో చోటు కూడా పడుతుంది. కాని బొమ్మ ఒక్కటే చాలదు. పక్కన ఒక అగ్గిపుల్లో, రూపాయి బిళ్ళో పెట్టి తీస్తే ఎంత పొడుగో తెలుస్తుంది. పురుగైతే మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయాధికారికో చేర్చండి. సీసాలో వేసినప్పుడు చీటీ సీసాలో కూడా ఒకటి వేయండి, పెన్సిలుతో రాసి. సిరా అయితే అలుక్కుపోతుంది. ఇది మేము అనుభవం మీద నేర్చుకున్నది.

ఇక లంకమల, నల్లమల, వెలిగొండల అంచున వున్నవాళ్ళకు ఒక ప్రత్యేకమైన మాట. కలివికోడి అనుకున్న దేనినీ పట్టవద్దు, తరమవద్దు, గుడ్డు ముట్టుకోవద్దు. అది చట్టరీత్యా కూడా నేరం. పొద్దుగూకిన తర్వాత పశువులను తోలుకుని వస్తున్నప్పుడు కలివిపొదల వైపు నుంచి మీకు తెలియని పిట్ట కూత వినబడితే, నిలబడి ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టండి. ఏ వాగు దగ్గరో, ఏ బాట పక్కనో గుర్తు పెట్టుకుని, మర్నాడు అటవీశాఖ బీటు గార్డుకు చెప్పి, ఆయన రాసుకునేదాకా అక్కడే కూర్చోండి.

ఆ అగ్గిపెట్టె పంపిన సోదరుడు ఈ పుట చదువుతుంటే, దయచేసి ఒక కార్డు ముక్క రాయండి. వూరి పేరు మొదట రాయండి, క్షేమసమాచారాలు తర్వాత రాయవచ్చు.